ఏమీ లేదట!

మామిడికాయ ముక్కలు కొట్టించుకుంటుంటే వచ్చింది నాకు మొదటి పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే చావు భయం. ఏ అర్ధరాత్రో, ఏ చావు కబురు విన్నప్పుడో వచ్చి ఉంటే చెప్పుకోవడానికైనా కాస్త మర్యాదగా ఉండేది. 2025 మే నెల, బెజవాడలో పటమట రైతు బజారు, పొద్దున్న తొమ్మిదిన్నర. రోహిణి కార్తె ఇంకా రాలేదు గానీ ఎండ అప్పటికే రోళ్లు పగలగొట్టే పనిలో ఉంది. పాతిక కాయలు బేరమాడి కొని, కొట్టించే చోట వరసలో నిలబడ్డాను. కుర్రాడు కాయని కత్తి కింద పెట్టి ఒక్క దెబ్బ వేస్తాడు, టెంకతో సహా రెండు చెక్కలవుతుంది, జీడిని బొటనవేలితో ఎగరగొడతాడు, మళ్లీ టకటకా కొడతాడు. నా వంతు వచ్చింది. "ముక్క పెద్దదా చిన్నదా అమ్మా?" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాను. గుండె ఒక్కసారి గుబేలుమంది, ఆ తర్వాత ఆగకుండా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముచ్చెమటలు పోశాయి. వేళ్లు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ పళ్ల డాక్టరు ఇంజక్షన్ ఇచ్చినట్టు మొద్దుబారింది, బజారు గోలంతా నీళ్ల అడుగు నుంచి వినపడుతున్నట్టుంది. ఎంత గాలి పీల్చినా చాలడం లేదు. చచ్చిపోతున్నాను అని నాకు స్పష్టంగా తెలిసింది, అనుమానంగా కూడా కాదు, తెలిసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో పిల్లలు గుర్తు రాలేదు. ఈ పాతిక కాయలు ఇంటికెవరు పట్టుకెళ్తారు అనిపించింది.

పక్కన కరివేపాకు అమ్మే ఆవిడ నన్ను తన గోనెపట్టా మీద కూర్చోబెట్టి మొహాన నీళ్లు కొట్టింది. మా ఆయన వచ్చేసరికి పావుగంట. ఆటోలో సూర్యారావుపేట. ఆ వీధుల్లో ఆసుపత్రులకి కొదవ లేదు కదా, దొరికిన దాంట్లోకి దూరాం. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, రెండు గంటలు పడుకోబెట్టారు. అప్పటికి నా గుండె ఏమీ ఎరగనట్టు మామూలుగా కొట్టుకుంటోంది. పెద్ద డాక్టరుగారు వచ్చి, మంచం మీద ఉన్న నన్ను కాకుండా తలుపు దగ్గరున్న మా ఆయన్ని చూస్తూ "ఏమీ లేదండీ, ఆడవాళ్లకి ఇది మామూలే, కాస్త టెన్షన్ పడ్డట్టున్నారు" అని బలానికి బిళ్లలు రాసి వెళ్లిపోయారు. ఏమీ లేనిదానికి బిల్లు మాత్రం బాగానే అయింది.

ఇంటికొచ్చేసరికి మా అత్తయ్యగారు హాల్లో పాత పంచె పరిచి కూర్చున్నారు. ఎవరో పుణ్యాత్ములు ముక్కలు కొట్టించి సంచీ ఇంటికి చేర్చారు. "ఏమీ లేదన్నారటగా, హమ్మయ్య. ముక్కలు చెమ్మగిల్లిపోతున్నాయమ్మా" అన్నారు. ఆవిడ చెడ్డది కాదు. ఆవకాయ ముక్క ఆ రోజు తుడిచి ఆ రోజే కలపకపోతే బూజు పడుతుంది, అది ఆవిడకి తెలిసిన సత్యం. నేనూ కూర్చున్నాను. ఒక్కో ముక్కా తీసుకుని, టెంక లోపలి పల్చటి పొర గోటితో గీరి, గుడ్డతో తుడిచి, అవతల పడేస్తూ, రాత్రి పదకొండు దాకా. పొద్దున్న చచ్చిపోయానని నమ్మిన మనిషిని.

ఈ "ఏమీ లేదు" అనే మాట మీదే నా తగాదా అంతా. రిపోర్టులో ఏమీ లేదు అనడం వేరు, నీకేమీ లేదు అనడం వేరు. మొదటిది కబురు, రెండోది తీర్పు. ఈసీజీ బాగుంది, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష బాగుంది అంటే గుండె కండరానికి అప్పటికి దెబ్బ తగల్లేదని, అంతే. నాకు వచ్చింది ఏమిటో ఆ కాగితం చెప్పలేదు, చెప్పాల్సిన మనిషీ చెప్పలేదు. దాని పేరు పానిక్ అటాక్ అని నాకు నెలన్నర తర్వాత తెలిసింది, అది కూడా గుంటూరులో.

ఒక మాట ముందే అనేస్తాను, ఇది చదివి ఎవరైనా గుండె నొప్పిని పానిక్ అనుకుని ఇంట్లో పడుకుంటే ఆ పాపం నాకొద్దు. మొదటిసారి ఇలా వస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆడవాళ్లకి గుండెపోటు సినిమాల్లో లాగా ఛాతీ పట్టుకుని కూలబడేలాగే రావాలని లేదు. ఆయాసం, వికారం, దవడ నొప్పి, వీపు నొప్పి, ఊరికే నీరసంగా కూడా రావచ్చు. అలాంటిదాన్ని "టెన్షన్" అనో, మన జిల్లాల జాతీయ రోగమైన "గ్యాస్" అనో వాము నీళ్లిచ్చి కూర్చోబెడితే మనిషి దక్కకపోవచ్చు. ఒకే మాట అటు గుండె జబ్బునీ దాచేస్తుంది, ఇటు భయం జబ్బునీ దాచేస్తుంది.

సరే, ఎందుకొచ్చింది? ఇంటికొచ్చిన వాళ్లందరి దగ్గరా సమాధానం ఉంది. దిష్టి అన్నారు, ఎర్రనీళ్లు తిప్పి వీధిలో పోశారు. మా ఆడపడుచు "వదినా, నీకేం తక్కువ? అన్నయ్య బంగారం, పిల్లలు బాగా చదువుతున్నారు, అతిగా ఆలోచించడం మానెయ్" అంది. నా స్నేహితురాలొకామె, చాలా చదివింది, పెళ్లి అనే వ్యవస్థే ఇలా బయటికొస్తోంది అని తేల్చేసింది. ఆమె మాట కొట్టిపారేయను. 2024 కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటి చాకిరీ చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు, ఆ లెక్క మా ఇంటి గోడ మీద రాసినా ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ పొద్దున్న నన్నెవరూ ఏమీ అనలేదు. నాకు నిజంగానే ఏమీ తక్కువ లేదు. "నీకేం తక్కువ" అన్న వాళ్లూ, "నీకు అన్నీ తక్కువే" అన్న స్నేహితురాలూ ఒకే పొరపాటు చేస్తున్నారని నాకనిపిస్తుంది. ఇద్దరికీ దీని వెనక ఒక కథ కావాలి, ఒక దోషి కావాలి. ఒంటికి ఆ గొడవ అక్కర్లేదు.

ఒంట్లో జరిగేది ఇంత. ప్రమాదం వస్తే పారిపోవడానికో తిరగబడటానికో అడ్రినలిన్ దూసుకొస్తుంది, గుండె పరిగెడుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. కుక్క దొంగని చూసి మొరిగినా, ఎండుటాకు కదిలితే మొరిగినా మొరుగు ఒకటే కదా, ఇదీ అంతే. ఊపిరి గబగబా తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దాంతో వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూతి మొద్దుబారుతుంది, కళ్లు తిరుగుతాయి. గాలి ఎక్కువైనందుకే గాలి చాలనట్టుంటుంది, చూడండి వింత. ఆ తిమ్మిరి చూసి "అయిపోయింది, పోతున్నా" అనుకుంటాం, ఆ అనుకోవడంతో ఇంకో విడత అడ్రినలిన్. డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు 1986లోనే ఈ గుండ్రాన్ని గీసి చూపించాడు. ఒంట్లో కదలికని మనసు చావుగా చదవడం, ఆ చదువుతో ఒళ్లు ఇంకా అదరడం. ఇదంతా పది నిమిషాల్లోపే శిఖరానికెక్కి, మెల్లగా దిగిపోతుంది. అందుకే ఆసుపత్రికి చేరేసరికి మనం దొంగల్లా కనిపిస్తాం.

మరి ఆ ఎండుటాకు ఎక్కడిది? గుంటూరు డాక్టరమ్మ నన్ను మొదట అడిగింది మా అత్తగారి గురించి కాదు, ఆ పొద్దున్న ఏం తిన్నానని. ఏమీ తినలేదు. శనివారం ఒక్కపొద్దు, రెండు గ్లాసుల కాఫీ, నడినెత్తిన ఎండ. తర్వాత నెలసరి గురించి అడిగింది. నాకు 43, రెండేళ్లుగా తేదీలు తలకిందులుగా ఉన్నాయి. హార్మోన్లు ఇలా ఎగుడుదిగుడుగా ఉండే కాలాలు, అంటే నెలసరి ముందు రోజులు, కాన్పు తర్వాత, ముట్లుడిగే ముందు ఏళ్లు, కొందరిలో ఈ కుక్కని నిద్రపోనివ్వవు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా, రక్తం తక్కువున్నా గుండె దడ, ఆయాసం ఇలాగే ఉంటాయి కాబట్టి ఆ పరీక్షలు రాసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత. మనలో సగం మందికి పైగా రక్తం తక్కువున్న ఒంటితో తిరుగుతున్నారన్నమాట. నాకు హిమోగ్లోబిన్ 9 ఉంది. ఇది ఒక్కటే కారణమని ఆవిడ అనలేదు, నేనూ అనను.

మా పిన్ని కూతురికి తెనాలిలో పురుడు పోసుకున్న నెలకి మొదలైంది, రాత్రి పాలిస్తూ ఉలిక్కిపడి లేచి గుమ్మంలోకి పరిగెత్తేది. బాలింతకి గాలి సోకిందని కిటికీలు మూసి, వేపమండలు కట్టి, నడిమంచాన పడుకోబెట్టారు. గాలి ఆడక ఆ పిల్ల ఇంకా బెదిరిపోయింది. చివరికి చూస్తే కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ తేడా, దాని మీద నిద్రలేమి, దాని మీద భయం. మూడూ ఉన్నాయి.

ఆ తర్వాత డాక్టరమ్మ అడిగిన ప్రశ్న నాకు తగిలింది. "ఏడాది లోపల పెద్ద కష్టం ఏదైనా గడిచిందా?" లేదన్నాను వెంటనే. తలుపు దాకా వచ్చాక గుర్తొచ్చింది. మాది సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. కింది ఇల్లు మాది, పై వాటా ఖాళీ, అత్తయ్యగారిని చెరో చెయ్యీ పట్టి మెట్లెక్కించాం, మూడు రాత్రులు పైనే. ఫ్రిజ్ కింద హాల్లో వెల్లకిలా తేలుతుంటే మా చిన్నాడు నవ్వాడు. డ్రోన్ వచ్చి డాబా మీద పొట్లాలు దించింది. నేను ఆ మూడు రోజులూ ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు, పక్క డాబా వాళ్లకి కేకలేసి ధైర్యం చెప్పాను, తర్వాత నెల రోజులు బురద కడిగాను, ఇన్సూరెన్స్ కాగితాలు ఆరబెట్టాను, పటమటలో రెండో అంతస్తులో అద్దెకి దిగాం. అందరూ "ఎంత గుండె ధైర్యమో" అన్నారు. ఎనిమిది నెలల తర్వాత, నీళ్లూ వానా ఏమీ లేని మే నెలలో, "ముక్క పెద్దదా చిన్నదా" అంటే ఆ గుండే తడబడింది. కష్టం నడుస్తున్నప్పుడు కాదట, అది గట్టెక్కి ఊపిరి పీల్చుకున్న నెలల్లో చాలామందికి మొదలవుతుందట. వరదే కారణం అని మళ్లీ కథ అల్లేయొద్దు. ఆ వీధిలో వందల మంది ఆడవాళ్లున్నారు, అందరికీ రాలేదు. వంశంలో ఉండటం, రక్తం తక్కువ, వయసు, వరద, ఖాళీ కడుపు, కాఫీ అన్నీ ఒకే పొద్దున కలిశాయి నాకు.

ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కంటే దాదాపు రెట్టింపు. అమెరికా లెక్కల్లో ఏడాదిలో పానిక్ డిజార్డర్ ఉన్నవాళ్లు ఆడవాళ్లలో 3.8 శాతం, మగవాళ్లలో 1.6 శాతం. ఈ అంకె చూపించి "చూశారా, ఆడవాళ్లది పిరికి గుండె" అనేవాళ్ల కోసం ఒక పాత సంగతి. 1871లో జాకబ్ డకోస్టా అనే అమెరికా డాక్టరు, అక్కడి అంతర్యుద్ధంలో మూడు వందల మంది సైనికుల్ని పరిశీలించి రాశాడు. గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసం, కానీ గుండెలో ఏ జబ్బూ కనపడటం లేదు. దానికి చికాకు గుండె అని పేరు పెట్టాడు, తర్వాత జనం దాన్ని సైనికుడి గుండె అన్నారు. అదే 1871లో బెర్లిన్‌లో వెస్ట్‌ఫాల్ అనే డాక్టరు వీధుల్లోకి, ఖాళీ మైదానాల్లోకి వెళ్లాలంటే వణికిపోయే ముగ్గురి గురించి రాసి అగోరాఫోబియా అని పేరు పెట్టాడు. ముగ్గురూ మగవాళ్లే. మగవాడికొస్తే అది గుండె, అదీ సైనికుడి గుండె. అప్పట్లో ఇవే బాధలతో వెళ్లిన ఆడదానికి మాత్రం హిస్టీరియా, అంటే గర్భసంచి పేరుతో ఒక తిట్టు. 1980లో, మానసిక జబ్బుల్ని వర్గాలు చేసే అమెరికా మనోవైద్యుల పుస్తకం మూడో కూర్పులో హిస్టీరియాని తీసేసి, పానిక్ డిజార్డర్‌కి వేరే చోటిచ్చారు. మన దగ్గర ఆ కూర్పు ఇంకా అందినట్టు లేదు.

అగోరా అంటే గ్రీకులో సంత, బజారు. అంటే బజారు భయం. నేను రైతు బజారు భయం అని చదువుకున్నాను.

నాకు అటాక్ కంటే ఆ తర్వాతది పెద్ద జబ్బు. అటాక్ ఒకటి రెండు ఎవరికైనా వచ్చి పోవచ్చు. మళ్లీ వస్తుందేమో అని నెల రోజులకి పైగా బతుకుని ముడుచుకుంటూ పోతే అప్పుడది డిజార్డర్. ముందు రైతు బజారు మానేశాను. తర్వాత బీసెంట్ రోడ్డు, జనం మధ్యలోంచి బయటపడలేనని. తర్వాత బెంజి సర్కిల్ ఫ్లైఓవర్, ఎక్కాక మధ్యలో ఆగడానికి లేదు కదా. తర్వాత ప్రకాశం బ్యారేజీ. తర్వాత లిఫ్టు. జూన్ ఆఖరుకి నా బెజవాడ ఎంతైందంటే మా అపార్టుమెంటు, ఎదురు మందుల షాపు, వీధి చివర పాల బూత్.

ఇక్కడ నన్ను చూసి ఎవరికీ అనుమానం రాలేదు. అదీ నాకు మింగుడుపడనిది. మా ఆయన "నువ్వు రావద్దులే, నేను తెస్తా" అని కూరలు తెచ్చారు, ప్రేమగానే. అత్తయ్యగారు ఫోన్లో ఎవరితోనో "మా కోడలు ఈ మధ్య ఇంటిపట్టున ఉంటోంది, హాయిగా ఉంది" అంటుంటే విన్నాను. మగవాడు నెల రోజులు గడప దాటకపోతే ఉద్యోగం పోతుంది, చుట్టాలొస్తారు, డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్తారు. ఆడది దాటకపోతే మెచ్చుకుంటారు. ఈ జబ్బుకి ఆ మెప్పే మేత. తప్పించుకున్న ప్రతిసారీ భయం ఇంకొంచెం బలుస్తుంది, మన ఇళ్లలో దాన్ని తప్పించుకోవడం అనరు, అణకువ అంటారు. అంకెల్లో ఆ రెట్టింపు అంతా హార్మోన్లదే అంటే నేను ఒప్పుకోను. ఇలా ఇంట్లోనే దాక్కోవడానికి మాకు దొరికిన సదుపాయం ఎంత శాతమో ఎవరైనా లెక్కకట్టాలి.

గుంటూరుకి ఎందుకెళ్లానంటే బెజవాడలో మానసిక డాక్టరు గుమ్మంలో ఎవరైనా చూస్తారని. కారులో వారధి దాటుతున్నంతసేపూ సీటు అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఆవిడ మందు రాసింది, ఎస్సిటాలోప్రామ్. వారం పది రోజులు కాస్త చిరాకుగా ఉండొచ్చు, పనిచేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దు అంది. భయాన్ని అప్పటికప్పుడు అణిచే ఆల్ప్రజోలామ్ బిళ్ల గురించి మాత్రం గట్టిగా చెప్పింది. మా కింది వాటా పిన్నిగారు ఆరేళ్లుగా అర బిళ్ల వేసుకుంటున్నారు, నిద్ర బిళ్ల అనుకుంటూ, మానేద్దామన్నప్పుడల్లా దడ రెట్టింపై తిరిగొస్తోంది. అప్పటికి ఉపశమనం ఇస్తుంది, అలవాటైతే వదలదు.

మందు కంటే విచిత్రమైనది ఆవిడ ఇచ్చిన ఇంటిపని. దడ తెప్పించుకోమంది. కావాలనే. రోజూ లిఫ్టు మాని మూడంతస్తులు గబగబా ఎక్కి, పైన నిలబడి, కొట్టుకుంటున్న గుండెని నీళ్లు తాగకుండా, ఎవరికీ ఫోన్ చేయకుండా, గోడ పట్టుకోకుండా వదిలేయాలి. కుర్చీలో గిరగిరా తిరిగి కళ్లు తిరిగితే అలాగే ఉండాలి. రెండో రోజు మెట్ల మీద వాచ్‌మన్ భార్య చూసి "ఏంటమ్మా, ఎవరైనా తరుముతున్నారా?" అంది. నవ్వొచ్చింది, నవ్వుకి దడ ఇంకా పెరిగింది, ఏమీ కాలేదు. తర్వాత పాల బూత్ దాటి, రైతు బజారు గేటు దాకా, గేటు లోపలికి. బీసెంట్ రోడ్డులో ఒకసారి వచ్చింది కూడా. ఒక గాజుల కొట్టు ముందు నిలబడి గడియారం చూశాను. పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ నరకమే, ఆ మాట దాచను. అయ్యాక డజను గాజులు కొనుక్కుని ఇంటికొచ్చాను.

డాక్టరుకి డబ్బుల్లేక, చెప్పుకోవడానికి మనిషి లేక ఉన్నవాళ్లకి 14416 ఉంది, టెలి మానస్ అని 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.

గుంటూరులో రెండోసారి డాక్టరమ్మ "మీ అమ్మగారికి గానీ, అమ్మమ్మగారికి గానీ ఇలా ఉండేదా?" అంది. లేదండీ, మా అమ్మ చాలా నెమ్మదస్తురాలు, గడప దాటేది కాదు అని చెప్పి, ఆ మాట నా చెవులకే వినపడి ఆగిపోయాను. మా నానమ్మ ఊరంతా చెప్పుకునేది ఆ మాట. "మా కోడలు గడప దాటదు." అమ్మ చేతిలో ఎప్పుడూ విసనకర్ర ఉండేది, చలికాలంలో కూడా. నరసరావుపేటలో సొంత తమ్ముడి పెళ్లికి రాలేదు, పిల్లలకి పరీక్షలని చెప్పింది. మాకు పరీక్షలు లేవు.

ఆ రాత్రి ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు పలకలేదు.

"బస్సు బయల్దేరిందంటే ప్రాణం పోతున్నట్టుండేదే. మీ నాన్నకి చెబితే ఏమంటారో అని చెప్పలేదు. మీ నానమ్మ ఇంటిపట్టున ఉంటానని మెచ్చుకునేది, పోనీలే అనుకున్నా."

"ఇప్పుడూ ఉందా అమ్మా?"

"ఏమోనే. బస్సెక్కితే కదా తెలిసేది."